వెనక సీటు ఎడమ అద్దం

ఇప్పటి కార్లలో బటన్ నొక్కితే అద్దం దిగుతుంది, నొక్కితే లేస్తుంది. మొరాయిస్తే షోరూముకు తోలుకుపోతారు. అక్కడి పిల్లవాడు కంప్యూటర్ తగిలించి చూసి, డోరు లోపలి సామాను మొత్తం మార్చాలంటాడు. మీరు సరేనంటారు. తప్పు పట్టడం లేదు. మా రోజుల్లో మార్చడానికి సామాను దొరికేది కాదు, కాబట్టి చెడింది ఏమిటో కనుక్కోక తప్పేది కాదు. అంతకుమించి మేమేం గొప్పవాళ్లం కాదు.

బస్సు డిపోలో నా తర్వాత చేరిన మెకానిక్కులు ఒకటే అడుగుతారు: "తాతా, నిన్ను బాగా సతాయించిన బండి ఏది?" ఏ లారీయో, ఏ బస్సో చెబుతాననుకుంటారు. నన్ను సతాయించింది ఒక కారు కిటికీ. అదీ వెనక సీటు ఎడమ పక్కది. తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, వంకర్లు తిప్పి రాయడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నలభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. దొరల మీద జనం తిరగబడ్డ గడబిడలు అప్పుడప్పుడే సద్దుమణుగుతున్నాయి. సూర్యాపేటలో బెజవాడ రోడ్డు మీద మా ఉస్తాద్‌కు రేకుల షెడ్డు ఉండేది. నేను అక్కడ మెకానిక్కుని. లారీలు, బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులు మా పని. ఉస్తాద్ హైదరాబాదులో పని నేర్చినవాడు. చప్పుడు విని బండి రోగం చెప్పేస్తాడని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఒక్కోసారి పూర్తిగా చూడకముందే ఏదో ఒకటి చెప్పేసేవాడు.

ఒకరోజు పొద్దున ఆ షెడ్డు ముందు ఒక అమెరికా కారు వచ్చి ఆగింది. పైన బట్ట టాపు. కావాలంటే వెనక్కి మడిచేసి ఆకాశం కింద పోవచ్చు. స్టీరింగు ఎడమ పక్క. ముందు రెండే డోర్లు, వెనక సీటుకు రెండు చిన్న అద్దాలు, వాటికి లోపలి నుంచి ముదురు ఆకుపచ్చ కాగితం అంటించి ఉంది. చిలుకూరు పక్క ఒక గడీ దొరది ఆ కారు. తోలుకొచ్చిన డ్రైవర్ దిగి, భుజం మీది తువాలుతో బానెట్టు తుడిచాకే మాకు నమస్కారం పెట్టాడు.

ఉస్తాద్ నవ్వాడు. "ఏం డ్రైవర్ సాబ్, మేం దుమ్ము సూడమనుకున్నవా? రోగమేందో జర చెప్పు."

"ఎనక అద్దం దానంతటదే పడిపోతుందండి."

"అండీ గిండీ అంటున్నవ్, కోదాడ దాటి బెజవాడల పుట్టినవా ఏంది?"

"కోదాడేనండి. గాలి అటు నించి కొడతది, మాట కూడా అట్టానే వస్తది," అన్నాడు డ్రైవర్. మా అందరికీ ఆయన అప్పుడే నచ్చాడు.

ఆ అద్దాల సంగతి కొంచెం చెప్పాలి. వాటికి డోర్లలో మోటార్లు లేవు. బానెట్టు కింద ఒక పంపు ఉంటుంది. అది సన్న గొట్టాల్లోకి నూనె తోస్తే, ఆ నూనె అద్దాన్ని పైకి లేపుతుంది. దించడానికి పంపుతో పని లేదు. అద్దం కింద చిన్న మూత ఉంటుంది. దానికి కరెంటు తగిలితే తెరుచుకుంటుంది, నూనె వెనక్కి పోతుంది, స్ప్రింగు అద్దాన్ని కిందికి లాగేస్తుంది. లేవాలంటే అంత కథ నడవాలి. పడడానికి మాత్రం రవ్వంత కరెంటు చాలు.

అద్దాల బటన్లన్నీ డ్రైవర్ చేతి దగ్గర వరసగా ఉంటాయి. ఎవరి కిటికీ దగ్గర వాళ్లకూ ఒక బటన్ ఉంటుంది. ఆ డ్రైవర్ కష్టమంతా ఆ వరస బటన్ల దగ్గరే మొదలైంది.

ఆ ఇంట్లో ఆడవాళ్లకు ఘోషా. వెనక సీట్లో కూర్చునేది దొర కోడలు. ఆమెను చిన్నదొరసాని అనేవారు. ఆమె మొహం పరాయివాడు చూడకూడదని అద్దాలకు కాగితాలు అంటించారు, డ్రైవర్ వెనక్కి చూసుకునే చిన్న అద్దాన్ని పీకించేశారు. డ్రైవర్ మెడ తిప్పకూడదు. వెనక నుంచి మాట వస్తే ముందుకే చూస్తూ జవాబు చెప్పాలి. అలాంటి బండిలో ఎడమ అద్దం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. అదీ ఊళ్లలో, మనుషులు నిలబడి ఉన్నచోట. ఖాళీ రోడ్డు మీద పడదు. గడీలోని ముసలి దాసి ఒకామె, డ్రైవరే బటన్ నొక్కుతున్నాడు, చిన్నదొరసానిని నలుగురికీ చూపిస్తున్నాడు, తనూ చూసుకుంటున్నాడు అని అంది. ఆమె ఒక్కసారే అంది. ఆ తర్వాత ఆమె అనాల్సిన పని లేకపోయింది, ఊరే అంది.

ఆ మాట డ్రైవర్ భార్యకూ చేరింది. ఆమె బిడ్డను ఎత్తుకుని పాలకీడులో తల్లిగారింటికి వెళ్లిపోయింది.

"నేను చూడలేదు తమ్ముడూ," అన్నాడు నాతో. ఎవరూ అడగకుండానే అన్నాడు. "ప్రభువు సాక్షి. ఇన్నేళ్లలో ఆ అమ్మ మొహం ఎట్టా ఉంటదో నాకు తెలవదు. బండి కాల్చకుండా గడ్డివామిలో దాచినోణ్ణి నేను. దొరలంతా పట్నం పోయిన రోజుల్లో, ఒక్కణ్ణే రెక్కలు పోయేట్టు గడ్డి మోసి కప్పెట్టాను. అట్టాంటి పని నేనెందుకు చేస్తాను?"

బండిని మూడు రోజులు పెట్టుకున్నాం. నూనె చూశాం, గొట్టాలు చూశాం, బటన్లు విప్పి తుడిచాం. అద్దం పడలేదు. ఉస్తాద్ ముందు కూర్చుని, నేను తోలుతూ సూర్యాపేట బజారంతా తిప్పాం, ఎద్దుబండ్ల మధ్యలో ఆపాం, తోలాం, ఆపాం. పడలేదు. వెనక సీటు ఖాళీగానే ఉంచాం. అది దొరసాని సీటు, దాని మీద మేం కూర్చుంటామన్న ఆలోచన కూడా మాకు రాలేదు. డ్రైవర్‌కు అసలే రాదు. ఆయన ఆ సీటును తుడిచేటప్పుడు కూడా మోకాలు ఆనించేవాడు కాదు.

నాలుగో రోజు దొర ఇంకో బండిలో వచ్చాడు. తెల్లటి మీసాలు, చేతిలో బెత్తం. ఉస్తాద్ తన పేరు నిలబెట్టుకున్నాడు.

"బండిల లోపం లేదు దొరా."

"లేదా?"

"ఏమీ లేదు. బండి ఠీకుంది."

దొర బెత్తంతో డ్రైవర్‌ను చూపించాడు. "ఇన్నవారా? ఖాళీ బండిల పడది. అమ్మ కూసుంటేనే పడ్తది. బండికి గంత తెలివున్నదా? మిర్యాలగూడల మా వియ్యపురాలింట్ల లగ్గం ఉంది. అది కానీ. అయినంక నువ్వు నా ఊళ్లె కనవడొద్దు. నీ గుడిసె పీకిపిస్త."

దొర వెళ్లాక చాయ్ తెప్పించాం. డ్రైవర్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు గాని తాగలేదు. చాయ్ మీద మీగడ కట్టింది.

"ఊరు పోతే ఇంకో ఊరు," అన్నాడు చివరికి. "కానీ ఈ మాట నాతోనే వస్తది గదా. పాలకీడు పోయి ఆమెకు ఏమని చెప్పను? బండిలో లోపం లేదని సూర్యాపేట ఉస్తాదే చెప్పాడంట గదా అంటది."

ఉస్తాద్ అప్పటిదాకా రెంచీలు సర్దుతున్నాడు. సర్దడం ఆపాడు. ఆ పూట ఇంకెవరి బండీ ముట్టుకోలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "నా నోటితోని ఒక మనిషి ఇల్లు పోతున్నది. 'నాకు దొరకలె' అనాల్సింది, 'లోపం లేదు' అన్న. రెండూ ఒక్కటి కాదురా," అన్నాడు. చెప్పి తనే చిలుకూరు పోయాడు. దొర కాళ్లు పట్టుకున్నాడో, గడ్డం పట్టుకున్నాడో నాకు చెప్పలేదు. ఒప్పందం మాత్రం చెప్పాడు. లగ్గానికి పోయే రోజు కారు నేను తోలాలి. డ్రైవర్ గడీలోనే ఉండాలి. దొర ముందు సీట్లో కూర్చుని నా చేతులు చూస్తాడు. అద్దం పడితే డ్రైవర్ తప్పు లేనట్టు. పడకపోతే, దొర చెప్పిందే జరుగుతుంది.

నా జీవితంలో ఎన్నో బండ్లు బాగుపడాలని మొక్కాను. చెడి ఉండాలని మొక్కింది ఆ ఒక్క రోజే.

బయలుదేరేటప్పుడు డ్రైవర్ కారంతా తుడిచి, గడీ గోడ పక్కన నిలబడ్డాడు. చిన్నదొరసాని వచ్చి ఎక్కేదాకా గోడ వైపే మొహం పెట్టుకుని ఉన్నాడు. నేనూ అలాగే చేశాను. తర్వాత స్టీరింగు పట్టుకున్నాను. పక్కన దొర. వెనక ఎడమ పక్క, సరిగ్గా నా వెనక, ఆమె. గాజుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఊరు దాటాం. అద్దం పడలేదు. ఇంకా రెండు ఊళ్లు దాటాం. పడలేదు. లారీలు తోలి అలవాటైనవాణ్ణి, మలుపు రాకముందే గేరు దించి బండిని నెమ్మది చేస్తాను, బ్రేకు జోలికి పోను. ఆ రోజు దొర పక్కన ఉన్నాడని ఇంకా ఒద్దికగా తోలాను. నా మంచి డ్రైవింగే ఆ మనిషి కొంప ముంచుతోందని నాకేం తెలుసు?

దొర బెత్తం మోకాళ్ల మీద అడ్డం పెట్టుకున్నాడు. "సగం దూరమొచ్చినం," అన్నాడు. "ఇగ నీకు సమజైందా?"

అప్పుడే చేను గట్టు మీద నుంచి గొర్ల మంద రోడ్డు మీదికి దిగింది. ముందు ఒక పొట్టేలు, దాని వెనక మంద మొత్తం. గేరుతో ఆగే పని కాదు. కాలు బలంగా తొక్కాను.

నా వెనక టక్ మని చప్పుడైంది. గాలి నా మెడకు తగిలింది. రోడ్డు పక్క నిలబడ్డ గొల్లామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అగో, మల్ల దించింది! ఆ దినం గూడ గిట్లనే దించి నన్ను సూసింది. సల్లంగుండు తల్లీ!"

దొర నా మీదికి తిరిగాడు. "నువ్వు నొక్కినవారా?"

"రెండు చేతులు స్టీరింగు మీదనే ఉన్నయి దొరా. మీరే సూస్తున్నరు."

ఆయన నా చేతులు చూశాడు. బటన్లు చూశాడు. మళ్లీ నా చేతులు చూశాడు. వెనక అద్దం మెల్లగా పైకి లేచింది, ఆమె తన బటన్ నొక్కి లేపుకుంటోంది.

అక్కడితో డ్రైవర్ బతికిపోయాడు. కానీ కారణం తెలియకుండా వదిలితే, నాకూ ఆయనకూ కలిపి ఇంకో కథ పుడుతుంది. అందుకని చెయ్యకూడని పని చేశాను. ముందుకే చూస్తూ, గొంతు పెంచి, వెనక కూర్చున్నామెను అడిగాను.

"అమ్మా, తప్పైతే మన్నించు. గీ అద్దం ఎప్పుడు పడ్తది?"

దొర బెత్తం మీద వేళ్లు బిగించాడు. ఆమె జవాబు చెప్పదనుకున్నాను. చెప్పింది.

"బండి ఆగెటప్పుడు. గట్టిగ ఆగితేనే పడ్తది. మెల్లగ ఆగితే పడది."

"గీ సంగతి ముందుగాల ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్నెవరడిగిండ్రు?"

కోపంగా అనలేదు. నీళ్లు ఎక్కడున్నాయని అడిగితే కడవలో ఉన్నాయని చెప్పినంత మామూలుగా అంది. ఇన్నాళ్లూ మేం పంపును అడిగాం, గొట్టాలను అడిగాం, బటన్లను అడిగాం. ఆ అద్దం పక్కన కూర్చున్న మనిషిని అడగలేదు. డ్రైవర్ అడగకూడదు, ఉస్తాద్ అడగకూడదు, దొరకు అడగాలని తోచలేదు. మీరు రిపేరుకు పోతే ముందు బానెట్టు ఎత్తకండి. ఆ బండిలో కూర్చునేవాళ్లతో కాసేపు మాట్లాడండి. నాకు తెలిసిన పనితనం అంతే.

బ్రేకు తొక్కి చూశాను. పడింది. దొర ఇంకా నమ్మలేదు. "మరి సూర్యాపేటల ఎందుకు పడలె?"

అది నాకూ అంతుపట్టలేదు. ఆమెను దిగమన్నాం. ఆమె కొంగు ముందుకు లాక్కుని వేపచెట్టు నీడలో గొల్లామె పక్కన నిలబడింది. నేను బ్రేకు తొక్కాను. పడలేదు. మళ్లీ తొక్కాను. పడలేదు.

"సూడు మల్ల!" అన్నాడు దొర.

చెట్టు కింద నుంచి చిన్నదొరసాని అంది, "మామయ్యా, సీటు మీద మనిషి లేదు గద."

నేను, దొర ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరో ఒకరు ఆ సీటు మీద కూర్చోవాలి, ఒకరు బ్రేకు తొక్కాలి. దొర వెనక్కి ఎక్కడు. నా లాగుకు నూనె మరకలు. నేను డోరు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"కూసో," అంది ఆమె. "సీటుకేం కాదు."

కూర్చున్నాను. మెత్తగా లోపలికి దిగిపోయాను. దొర ముక్కుతూ మూలుగుతూ స్టీరింగు దగ్గరికి జరిగాడు. బ్రేకు ఏదో చెప్పించుకున్నాడు. గొర్లు, గొల్లామె, కోడలు అందరూ చూస్తుండగా చెప్పుకాలితో తొక్కాడు.

అద్దం దిగింది. అవతల గొల్లామె మొహం కనపడింది నాకు. "ఓ యమ్మ, ఈసారి మొగాయన!" అని పకపక నవ్వింది. చిన్నదొరసాని కొంగులో నవ్వింది. దొర మాత్రం కాలు తియ్యకుండా, కొంచెంసేపు అలాగే తొక్కిపట్టి ఉన్నాడు.

సీటు పీకి చూస్తే కింద వరిగడ్డి. దాంట్లో ఎలుక గూడు. బ్రేకు దీపానికి పోయే తీగ, అద్దం మూతకు పోయే తీగ పక్కపక్కనే ఉన్నాయి, రెండింటి పైతొడుగూ ఎలుకలు కొరికేశాయి. మనిషి కూర్చుంటే సీటు స్ప్రింగు రెండు తీగల్నీ కలుపుతుంది. బ్రేకు తొక్కితే దీపం కరెంటు మూతలోకి దూకుతుంది. ఊళ్లలో మనుషులుంటారు, మనుషులున్నచోటే బ్రేకు తొక్కుతాం. అంతే సంగతి.

"కార్ల గడ్డెక్కడిది?" అన్నాడు దొర.

"వామిది దొరా. మీరు పట్నం పోయినప్పుడు కాల్చకుండ ఆయన వామిల దాసిండు గద."

దొర ఆ గడ్డిపరకలు చేత్తో తీసుకుని చూశాడు. వాటిని పారెయ్యలేదు. పారెయ్యడం మర్చిపోయాడేమో, మిర్యాలగూడ దాకా ఆయన వేళ్ల మధ్యనే ఉన్నాయి.

నా సంచిలో టేపు ఉంది. తీగలకు చుడదామని తీశాను. చిన్నదొరసాని వద్దంది.

"ఇయ్యాల వద్దు. రేపు సుట్టు."

గాలి కావాలేమో అనుకున్నాను. లగ్గానికి ఆలస్యమవుతోందని దొర కూడా, "ఉండనియ్యి, పోనియ్యి," అన్నాడు.

సాయంత్రం తిరుగుదారిలో ఆమె వెనక నుంచి, "మామయ్యా, పాలకీడు మీదికెల్లి పోదాం," అంది.

"గాడేమున్నది?"

"మన డ్రైవర్ పెండ్లాం ఉన్నది."

పాలకీడు దారి చీలేచోట నేను బండి నెమ్మది చేసి దొర వైపు చూశాను. ఆయన బెత్తంతో ఎడమకు చూపించాడు.

పాలకీడులో డ్రైవర్ భార్య తల్లిగారి గుడిసె ముందు బియ్యం చెరుగుతోంది. కారును చూసి చేట పట్టుకునే లేచింది. మొగుడు దిగుతాడనుకుందో ఏమో, నేను కనపడగానే మొహం ముడుచుకుంది. చుట్టూ మనుషులు చేరారు. ఈసారి అద్దం టక్ మని పడలేదు. మెల్లగా దిగింది. చిన్నదొరసాని తన బటన్ తనే నొక్కింది. ఘోషాలో ఉండే మనిషి, అంతమంది ముందు, మొహం దాచుకోకుండా మాట్లాడింది.

"ఇగో పిల్లా, ఇటు రా. నీ మొగని మీద పడ్డ మాట అబద్ధం. తీగలు ఎలకలు కొరికినయి. మా మామయ్యనే తొక్కి సూసిండు. ఎక్కు, ఇంటికి పోదాం."

ఆ పిల్ల కదలలేదు. "గా సీటు మీదనా దొరసానమ్మా?"

"మరి నెత్తి మీదనా? బిడ్డను దెచ్చుకో, పో."

చుట్టుపక్కల ఆడవాళ్లు నవ్వారు. ఆమె గుడిసెలోకి పోయి బిడ్డతో, బట్టల మూటతో వచ్చింది. నేను దిగి ముందు సీటు మడిచాను. చిన్నదొరసాని అవతలికి జరిగి, ఎడమ పక్క చోటిచ్చింది. "నువ్వు గీడ కూసో," అంది, అద్దం లేపుతూ. దొర రోడ్డు కేసి చూస్తూ, "ఎక్కమను, పొద్దు గూకుతుంది," అన్నాడు. అది నాతో అన్నట్టే అన్నాడు.

గడీ చేరేసరికి ఇంకా వెలుగుంది. డ్రైవర్ పొద్దున ఎక్కడ నిలబడ్డాడో అక్కడే ఉన్నాడు. దొర దిగగానే ఏమంటాడో అని తువాలు రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు. టేపు ఎందుకు వద్దందో నాకు అప్పుడు తెలిసింది. గేరు దించలేదు. సరిగ్గా ఆయన ముందుకు తెచ్చి, బ్రేకు బలంగా తొక్కాను.

అద్దం టక్ మని దిగింది.

ఆయన చటుక్కున గోడ వైపు తిరిగిపోయాడు. అద్దం దిగిందంటే మొహం తిప్పుకోవాలి, ఇన్నేళ్ల అలవాటు. తిరిగి, గోడకు నుదురు ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు.

కిటికీలోంచి ఆయన భార్య, బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి చాపింది.

"ఏందయ్యా, గోడకేం సూస్తున్నవ్?" అంది. "నేనే. ఇటు సూడు."